మిద్దె కింద

మా అమ్మ ప్రార్థనకు ఒక వరస ఉంది. ముందు లోకశాంతి, ఆ తర్వాత పాస్టరయ్య గారి మోకాళ్ల నొప్పులు, తర్వాత వానలు, చిట్టచివర మిద్దె. "మా మహిమకు ఒక మిద్దె ఇయ్యి ప్రభువా" అని అడిగితే గానీ ఆమెన్ అనదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. వానలు అప్పుడప్పుడూ వచ్చాయి. పాస్టర్లు మారారు, మోకాళ్లూ మారాయి. మిద్దె మాత్రం రాలేదు.

మా రాయలసీమలో మిద్దె అంటే ఇల్లే. గడ్డి కప్పు కాదు, రేకులు కాదు. దూలాల మీద బండలు పరిచి, పైన మట్టి పోసి చదును చేసిన ఇల్లు. ఇప్పుడు మట్టి పోయి సిమెంటు వచ్చింది. స్లాబు వేసినా మాకది మిద్దే. ఆ ఇంటి కప్పు కూడా మిద్దే. ఆరిన బట్టలు తెచ్చుకోవడానికి ఎక్కేదీ మిద్దె మీదికే.

మా అమ్మ పేరు ఏసుమణి. వయసులో ఉండగా ఆ మట్టి మిద్దెల మీద కూలి చేసింది. వానలకు ముందు రైతులు మిద్దెల మీద చవుడు మట్టి పోయించేవాళ్లు, లేకపోతే కురుస్తాయి. తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కడం, పోయడం, దిగడం. సాయంత్రం మళ్లీ మా రేకుల కొట్టంలోకి. "ఊర్లో ఉండే మిద్దెలన్నీ ఎక్కినా గానీ, ఒక్క మిద్దె కింద కూడా పండుకోలేదు మే" అని నవ్వుతూ చెప్పేది. ఆమె నవ్వేది, నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలియక ఆమె మీదే కసురుకునేదాన్ని.

నేను ఆత్మకూరులో సచివాలయం ఏఎన్ఎంని. పిల్లలకు టీకాలు వేస్తాను, గర్భిణులకు బీపీ చూస్తాను, "కూర్చో తల్లీ, కంగారు పడొద్దు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాను. నాకు మాత్రం కూర్చోవడం చేతకాదు. మనసులో ఏదైనా పడిందంటే ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటాను. మా ఆయన క్రాంతి కుమార్ నాకు మేనత్త కొడుకే. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. ఎండలు ముదిరితే రైతుల మోటార్లు కాలతాయి, అవి కాలితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే మా ఆయన వానల కోసం ప్రార్థన చేసేటప్పుడు కాస్త నెమ్మదిగా చేస్తాడు.

బాడుగ ఇళ్ల కథ చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఇల్లు చూడ్డానికి పోతే ముందు మంచినీళ్లిస్తారు, తర్వాత "మీరేమోళ్లమ్మా?" అని అడుగుతారు. చెప్పగానే అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇంటికి ఉన్నట్టుండి వాళ్ల చుట్టాలు వస్తారు. ఇప్పుడున్న ఇంటి ఓనరు కృష్ణవేణమ్మ అలా అడగలేదు గానీ, శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన జరిగితే శనివారం నీళ్ల మోటారు వేయదు. ఈ వేసవికి ఖాళీ చేయమంది.

అలాంటప్పుడు రామలింగయ్య శెట్టి ఇల్లు అమ్మకానికి వచ్చింది. పాత బస్టాండు వెనక సందులో రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వసారా. ఆయనకు బజారులో బియ్యం, పప్పుబేడల అంగడి ఉంది, కాపురం అంగడి పైనే. ఈ ఇంట్లో ఒక టీచరు బాడుగకున్నాడు. కొడుకు తేజేశ్వర్ కర్నూలులో సొంతంగా షాపు పెట్టాలని ఇల్లు అమ్మిస్తున్నాడు. రామలింగయ్య గారు నన్ను అడిగింది ఒక్కటే. "దుడ్లు ఎప్పుడిస్తారమ్మా?" మేమేమోళ్లో అడగలేదు. ఇల్లు చూడకముందే నాకా ఇల్లు నచ్చింది.

అగ్రిమెంటు రాసుకుని బయానా ఇచ్చాం. అందులో అమ్మ కమ్మలు కూడా పోయాయి. మార్చి నెలాఖరులోపు మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లేకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది.

ఇంకేముంది, లోను. మా రెండు కుటుంబాల్లో ఇంటి లోను అనే మాట పలికిన మొదటి మనిషిని నేనే. ఎవరిని అడగాలో తెలియక అందరినీ అడిగాను. గవర్నమెంటు బ్యాంకులో వడ్డీ తక్కువ, తిప్పట ఎక్కువ అన్నారు. ప్రైవేటు కంపెనీలో తిప్పట తక్కువ, వడ్డీ ఎక్కువ అన్నారు. నాకు తిరగడం అలవాటే కదా అని బ్యాంకుకు పోయాను. మేనేజరమ్మ నా జీతం స్లిప్పులు చూసి కుర్చీ చూపించింది. మా ఆయన షాపు లెక్కలు చూసి ఆ కుర్చీ వైపు మళ్లీ చూసింది. చివరికి నా పేరు మీద పెట్టి, ఆయన్ను పక్కన చేర్చుకున్నారు.

"ఇల్లు ఇంజనీరు చూస్తాడు, కాగితాలు విజయవాడలో మా లాయరు గారు చూస్తారు. రెండూ బాగుంటే వెంటనే ఇచ్చేస్తామమ్మా" అంది మేనేజరమ్మ.

ఆ ప్రైవేటు కంపెనీ మనిషి మాకు కొత్తవాడు కాదు. మా చర్చిలో గిటారు వాయించే అరుణ్ కుమారే. నేను ఇల్లు కొంటున్నానని తెలిసిన ఆదివారం నుంచి పల్లవికీ చరణానికీ మధ్య నా వైపు చూసి తల ఊపడం మొదలుపెట్టాడు. ఆరాధన ముగిసి చెప్పులేసుకునే లోపల వచ్చి నిలబడేవాడు.

"అక్కా, బ్యాంకోళ్లు మిమ్మల్ని చెప్పులరిగేట్లు తిప్పుతారు. మా దాంట్లో వారంలో చెక్కు. వడ్డీ రవ్వంత ఎక్కువ ఉంటాది, అంతే. మేం కాగితాల్లో అంత లోతుకు పోం."

"లోతుకు పోకపోతే మీకు భయం కాదా అరుణ్?"

"మాకేం భయమక్కా? ఇల్లు మాకాడ తాకట్టుంటాది కదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట మాత్రం చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకరోజు మధ్యాహ్నం విజయవాడ లాయరు గారి ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. నేను టీకాల దగ్గర ఉండి ఎత్తలేదు. మా ఆయనకు చేసింది. ఆయన షాపులో, చేతులకు వార్నీషు, ఎదురుగా మోటారు కోసం కేకలేస్తున్న రైతు. ఫోన్ భుజానికీ, చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాడట. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ నాకు మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"డాక్యుమెంటులో మిద్దె అని ఉంది. మిద్దె ఉందాండీ?" అని ఆమె అడిగింది.

"ఉండాది మేడం. శానా గట్టి మిద్దె" అని ఈయన.

"పైకి మెట్లు లోపలి నుంచా, బయటి నుంచా?"

"బయటి నుంచే మేడం."

"మిద్దె మీద ఎవరుంటున్నారు?"

"మిద్దె మీద ఎవరుంటారు మేడం? ఖాళీనే. నీళ్ల ట్యాంకొకటి ఉండాది."

"మరి కింద?"

"కింద ఒక టీచరు కాపరముండాడు."

ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసిందట. "శానా మర్యాదగా మాట్లాడినారు మే. అన్నీ కరెక్టుగా చెప్పినా. ఇంగ మన పని అయిపోయినట్టే" అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ పూట నేనే బిర్యానీ తెమ్మన్నాను.

వారం పోయాక బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. మేనేజరమ్మ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసిన తీరులోనే ఏదో తేడా ఉంది.

"లాయరు గారేమో మీరు పైఅంతస్తు మాత్రమే కొంటున్నారని రాశారు. కింద వేరే ఎవరో ఉంటున్నారట, కింది అంతస్తు ఎవరిదో తెలియదట, పైఅంతస్తుకు పర్మిషను లేదట. ఇంజనీరు గారేమో అసలు పైఅంతస్తే లేదని రాశారు. అంటే మీరు లేనిదాన్ని కొంటున్నారమ్మా. దానికి నేను లోనెలా ఇవ్వను?"

నాకు మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. రిపోర్టు లాక్కున్నంత పని చేసి చదివాను. రామలింగయ్య గారి నాయన ఎప్పుడో కొన్న దస్తావేజులో 'సదరు హద్దుల మధ్య గల మిద్దె యావత్తు' అని ఉంది. అప్పుడది మట్టి మిద్దె. దాన్ని పడగొట్టి రామలింగయ్య గారు స్లాబు వేశారు. మా అగ్రిమెంటు రాసినాయన పాత మాటనే దింపేశాడు. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. మిద్దెను మిద్దె అనక ఏమంటారు? కానీ విజయవాడ వైపు మిద్దె అంటే మేడ. ఇంటి మీద ఇల్లు. లాయరు గారు మా ఇంటిని గాల్లో కట్టేశారు. దానికి మెట్లు, ట్యాంకు, ఖాళీ గదులు అన్నీ మా ఆయనే అమర్చి పెట్టాడు.

బ్యాంకు నుంచి నేరుగా షాపుకు పోయాను. అక్కడ రైతులున్నారని కూడా చూడలేదు.

"ఏం చెప్పినావు బావా వాళ్లకు? మిద్దె ఖాళీగా ఉండాదని చెప్పినావా?"

"ఖాళీగా లేదా?" అన్నాడు.

"పైన ఇల్లుండాదా అని అడిగింది ఆమె!"

"పైన ఇల్లుండాదా అని అడిగింటే లేదని చెప్పుందును కదా? మిద్దె ఉండాదా అనింది, ఉండాదన్నా. ఉండే మిద్దెను లేదని ఎట్ల చెప్పేది?"

మోటారు కోసం వచ్చిన పెద్దాయన ఒకడు "ఆయన చెప్పిందాంట్లో తప్పేముండాదమ్మా" అన్నాడు. నిజమే. తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోయాను, అదే నన్ను ఇంకా పిచ్చిదాన్ని చేసింది. ఎవరినైనా తిడితే బాగుండునని ఉంది, తిట్టడానికి ఎవరూ దొరకడం లేదు.

ఆ రోజు నుంచి నా పని కాలుగాలిన పిల్లి పనే. టీకా బాక్సులో ఐస్ పెట్టడం మరిచిపోయి మళ్లీ వెనక్కి పరుగెత్తాను. ఒక గర్భిణికి బీపీ రెండుసార్లు చూశాను. మొదటిసారి ఎంతొచ్చిందో గుర్తులేదు. "నువ్వే చూపిచ్చుకో మేడం, మొగం ఎర్రగుండాది" అందా పిల్ల.

మేనేజరమ్మను బతిమాలి లాయరు గారి నంబరు తీసుకున్నాను. టీచరు గారిని అడిగి ఆ ఇంటి పైకే ఎక్కి, అక్కడి నుంచి వీడియో కాల్ చేశాను. పెద్దాయనే, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎర్రటి ఎండలో ఫోన్ నలుదిక్కులా తిప్పి చూపించాను. ట్యాంకు, పిట్టగోడ, ఎవరో ఆరబోసిన ఎండుమిరపకాయలు.

"చూడండి సార్, యాడన్నా గది కనపడతాందా? ఇదే సార్ మిద్దె. నేను నిలబడిందే మిద్దె మీద."

"మరి కింద ఉన్నదేమిటమ్మా?"

"అదీ మిద్దే సార్."

ఆయన నవ్వాడు. వెటకారంగా కాదు, మామూలుగానే. "మీరు చెప్పేది నేను నమ్ముతానమ్మా. ఫైలు నమ్మొద్దూ? అమ్మే ఆయనతో నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ ఇప్పించండి. అందులో రాయాల్సిన మాటలు నేను పంపిస్తాను" అన్నాడు.

పంపించాడు. 'సదరు ఆస్తిలో మిద్దె లేదు. మిద్దెపై ఎవరికీ ఎటువంటి హక్కులూ లేవు. ఇందుకు నేను ప్రమాణపూర్వకంగా సంతకం చేస్తున్నాను.' నేను సంబరంగా స్టాంపు పేపరు మీద టైపు కొట్టించుకుని రామలింగయ్య గారి అంగడికి పరుగెత్తాను. కొడుకు కూడా కర్నూలు నుంచి వచ్చి ఉన్నాడు.

రామలింగయ్య గారు అద్దాలు తుడుచుకుని చదివారు. మళ్లీ చదివారు. కాగితం తూకం రాళ్ల పక్కన పెట్టి నా వైపు చూశారు.

"ఏమ్మా, ఇల్లు లేదని నాతో సంతకం పెట్టిచ్చుకుంటాండావా?"

"అయ్యో, అట్ల కాదు శెట్టిగారూ. పైన ఇల్లు లేదని."

"పైన అని యాడుండాది దీంట్లో? మిద్దె లేదని ఉండాది. దాని మీద ఎవరికీ హక్కు లేదని ఉండాది. నాకు కూడా లేదన్నట్టే కదా?"

తేజేశ్వర్ కాగితం అందుకున్నాడు. "నాయనతో మిద్దె లేదని రాయిచ్చుకుంటే, రేపు మీరు లేని మిద్దెకు దుడ్లేంటికియ్యాల అంటారు. మేం కోర్టు చుట్టూ తిరగాల" అన్నాడు. "అక్కా, నాకు మీ మీద కోపం లేదు. నెలాఖరుకు కట్టండి, ఇల్లు మీదే. లేదంటే నంద్యాలోళ్లు రెడీగా ఉండారు. నేను కర్నూల్లో అడ్వాన్సు ఇచ్చుకోనుండా."

ఆ అంగడి మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. అక్కడేమో మిద్దె ఉందంటే లోను రాదు. ఇక్కడేమో మిద్దె లేదంటే ఇల్లు రాదు. ఒక్క మాట రెండు వైపులా తలుపు గడియ పెట్టేసింది, మధ్య సందులో నేను. ఏడుపొచ్చింది. సందు చివర నిలబడి ఏడ్చాను కూడా. అటుపోయేవాళ్లు చూశారు, చూడనీ.

ఇంటికి పోయేసరికి అరుణ్ కుమార్ వసారాలో కూర్చుని ఉన్నాడు. మా ఆయనే పిలిపించాడు. ఫైలు సిద్ధం, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టుకొచ్చాడు.

"పెట్టెయ్ మే. వడ్డీ పోతే పోయింది. మీ అమ్మ కమ్మలు కూడా పోయినాయి ఆ బయానాలో. ఇల్లన్నా దక్కుతాది" అన్నాడు మా ఆయన. పది మంది రైతులు కేకలేసినా తొందరపడని మనిషి, పెన్ను మూత తానే తీసి నా ముందు పెట్టాడు.

పెన్ను తీసుకున్నాను. మొదటి గుర్తు దగ్గర పెట్టాను. ఆ జోరీగ మళ్లీ చెవిలో మోగింది.

"అరుణ్, మీ లాయరు ఈ మిద్దె మాట చూసినాడా?"

"చూసింటాడక్కా. పట్టిచ్చుకోలేదు."

"రెండేళ్ల తర్వాత వడ్డీ భారమై, లోను బ్యాంకుకు మార్చుకుంటానంటే?"

"మార్చుకోవచ్చక్కా. అప్పుడు బ్యాంకోళ్లు మళ్లా కాగితాలన్నీ చూస్తారు."

"చూస్తే మళ్లీ మిద్దె దగ్గర ఆగుతారు. అప్పటికి శెట్టిగారు యాడుంటారో, వాళ్ల నాయన రాయించిన మాటకు ఎవరు జవాబు చెప్తారో. అంటే నేను ఎప్పటికీ మీ కాడనే కట్టుకుంటూ ఉండాల. అంతే కదా?"

అరుణ్ తల వంచుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. "అంతే అక్కా" అన్నాడు. కాసేపటికి, "నెలకు నాలుగు ఫైళ్లు తేవాల అక్కా నేను. ఈ నెల ఒకటి కూడా కాలే" అన్నాడు. వాడి మీద ఉన్న కోపమంతా ఆ మాటతో పోయింది. కాఫీ ఇచ్చాను. సంతకం మాత్రం పెట్టలేదు. రేపు చెబుతానన్నాను.

రేపు ఏం చెప్పాలో నాకేం తెలుసు? వంటింట్లోకీ వసారాలోకీ తిరుగుతూనే ఉన్నాను. దీపాలు పెట్టే వేళకు అమ్మ గోడ వారగా మోకరించింది. లోకశాంతి అయింది. పాస్టరయ్య గారి మోకాళ్లు అయ్యాయి. వానలు అయ్యాయి.

"మా మహిమకు ఒక మిద్దె..."

"అమ్మా!" అని అరిచాను. "ఆ మాట ఎత్తొద్దు! ఆ మాటొక్కటి తప్ప ఏమన్నా అడుక్కో. ఒక ఇల్లియ్యమని అడుగు! నేల మీద కట్టిన ఒకే అంతస్తు ఇల్లు, పైన ఏం లేని ఇల్లియ్యమని అడుగు!"

అమ్మ కళ్లు తెరిచింది. నేనెప్పుడూ ప్రార్థన మధ్యలో మాట్లాడింది లేదు. మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. అమ్మ నన్ను తిట్టలేదు. మళ్లీ కళ్లు మూసుకుని పెదాలు కదిలించింది. "నేల మీద... ఒకే..." అని ఆగిపోయింది.

"ఆ మాటలు నా నోటికి రావు మే" అంది చిన్నగా.

నేను అప్పటికే పెన్ను వెతుకుతున్నాను. ఇంత చదివి, ఇన్ని రోజులు తిరిగి, ఆ మాట ఉందా లేదా అని కొట్టుకున్నామే గానీ, ఆ మాట లేకుండా రాసుకోవచ్చని మాలో ఎవరికీ తోచలేదు. లాయరు గారికీ తోచలేదు. ఆకుపచ్చ రంగు టీకా కార్డు ఒకటి చేతికి దొరికితే దాని వెనకే రాశాను. 'నేల మీద కట్టిన ఒకే అంతస్తు ఇల్లు. పైకప్పు సిమెంటు స్లాబు. పైన గదులు లేవు, నీళ్ల ట్యాంకు మాత్రమే ఉంది. నేల నుంచి పైకప్పు దాకా యావత్తూ నాదే, నేనే అమ్ముతున్నాను. పాత దస్తావేజులో చెప్పిన కట్టడం స్థానంలో నేను కట్టించిన ఇల్లు ఇదే.' ఫోటో తీసి లాయరు గారికి పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది. 'ఇది చాలు. దీనితోపాటు ఇంటి ప్లాను పంపండి.'

రామలింగయ్య గారు, కొత్తగా స్టాంపు పేపరు మీద టైపు కొట్టించిన ఆ కాగితం చదువుతున్నంత సేపూ నేను అంగడి ముందు బియ్యం బస్తాల మధ్య తిరుగుతూనే ఉన్నాను. "కూచోమ్మా, కండ్లు తిరుగుతాండాయి నాకు" అన్నారాయన. 'యావత్తూ నాదే' అన్న చోట వేలు పెట్టి కొడుకుకు చూపించారు. తేజేశ్వర్ చదివి సరేనన్నాడు.

సంతకం పెట్టే ముందు పెద్దాయన పెన్ను ఆపారు. "మా నాయన ఎంత ముచ్చటగా మిద్దె అని రాయిచ్చినాడమ్మా. అంతకు ముందు మావాళ్లదీ కొట్టమే. ఇప్పుడు ఆ మాట తీసేస్తాండాము" అన్నారు. సంతకం పెట్టేశారు.

బ్యాంకు లోను ఇచ్చింది. నెలాఖరు ఇంకా దాటలేదు. అరుణ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "దేవుని చిత్తమక్కా" అన్నాడు, అంత సంతోషం లేకుండానే. మరుసటి ఆదివారం కూడా గిటారు బాగానే వాయించాడు, నా వైపు మాత్రం చూడలేదు.

రిజిస్ట్రేషన్ రోజు అమ్మ కూడా వస్తానంది. ఈస్టరుకు దాచుకున్న తెల్ల చీర కట్టుకుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని, దస్తావేజు రాసినాయన మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తుంటే, ప్రసంగం వింటున్నంత శ్రద్ధగా వింది. హద్దులు వచ్చాయి, కొలతలు వచ్చాయి, ఒకే అంతస్తు వచ్చింది, సిమెంటు స్లాబు వచ్చింది. చదవడం అయిపోయింది. అందరూ సంతకాలకు లేచారు. అమ్మ మాత్రం నా కొంగు పట్టుకుంది.

"మిద్దె అని యాడా చదవలేదే మే?"

"అదేలేమ్మా. వేరే మాటల్లో రాసినారు."

"చదివిచ్చు మల్లా ఒకసారి. మిద్దె కొంటాండామా, వేరే ఏమన్నా కొంటాండామా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె జీవితమంతా అడిగిన ఒక్క మాటను నేనే నా చేత్తో కొట్టేయించాను. కొట్టేయిస్తేనే ఇల్లొచ్చింది. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలి? చెప్పలేదు. "మిద్దేనమ్మా. రా, నేను వేలిముద్రలు వేయాల" అని లేచాను. రామలింగయ్య గారు చెక్కు అందుకున్నారు. దస్తావేజు తయారు కాగానే బ్యాంకువాళ్లు కవరులో పెట్టి తీసుకుపోయారు. అప్పు తీరేదాకా అది వాళ్ల దగ్గరే ఉంటుంది. మా చేతికి మిగిలింది తాళంచెవి.

టీచరు ఖాళీ చేసిన మధ్యాహ్నం మేం ముగ్గురం ఆ ఇంటికి పోయాం. సామాన్లు ఇంకా రాలేదు. అమ్మ లోపలికి రాకుండా బయటి మెట్లెక్కి పైకి పోయింది. నేను వెనకే పోయాను. స్లాబంతా ఒక చుట్టు తిరిగింది. అరికాలితో అక్కడక్కడా తట్టి చూసింది. పిట్టగోడ మూలలు వంగి చూసింది. చవుడు పోసే రోజుల్లో ఎలా చూసేదో అలాగే.

"ఈ మూల నీళ్లు నిలుస్తాయి. వానలకు ముందే చెప్పండి మేస్త్రీకి" అని దిగింది.

కింద, ముందు గదిలో నేలకు పరిచిన బేతంచెర్ల బండలు చల్లగా ఉన్నాయి. చాప లేదు, దిండు లేదు. అమ్మ కొంగు మడిచి తల కింద పెట్టుకుని పడుకుంది. వెల్లకిలా పడుకుని పైకప్పు వైపే చూస్తోంది. అక్కడ చూడ్డానికేమీ లేదు, సున్నం వేసిన స్లాబు, ఫ్యాను కొక్కెం.

"ప్రార్థన చేసుకుందామా అమ్మా?" అన్నాను.

"ఏమడగాల మే ఇంగ?" అంది. "గమ్మునుండు, పండుకోనీ."

కాసేపటికి నిద్రపోయింది. మా ఆయన మంచినీళ్లు తేవడానికి పోయాడు. గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగబోయి, నా అడుగుల చప్పుడుకు లేస్తుందేమోనని ఆమె పక్కన కూర్చున్నాను. సంచిలో ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజి, మొదటి వాయిదా తేదీ గుర్తు చేస్తూ. అమ్మ నిద్ర చెడకుండా ఫోన్ శబ్దం తీసేసి, అక్కడే కూర్చున్నాను.